నిర్మల చెప్పని సాక్ష్యం

ఆ ఆలోచన నిర్మలకు మొదటిసారి వచ్చింది మందిరం పక్కగదిలో, ప్రభు బల్ల కోసం రొట్టె కోస్తున్నప్పుడు. క్రీస్తు శరీరానికి గుర్తుగా సంఘమంతా తినే రొట్టె అది. నెలనెలా మొదటి ఆదివారం ఆ పని ఆమెది, సంఘంలో పెద్దావిడ ఏసమ్మది. పదకొండేళ్లుగా ఇద్దరూ అందరికన్నా ముందు వచ్చి, చిన్న గాజు కప్పులు కడిగి తుడిచి, వాటిలో ద్రాక్షరసం పోసి, రొట్టెను వేలిగోరంత ముక్కలుగా కోసి పళ్లెంలో పేర్చి, పైన తెల్లగుడ్డ కప్పేవాళ్లు. ఆ రోజు సగం రొట్టె కోశాక, ఎవరో చెవిలో చెప్పినంత స్పష్టంగా ఒక మాట వచ్చింది: దీనిమీద ఉమ్మెయ్యి.

నిర్మల చేతిలో కత్తి ఆగిపోయింది. నోరు గట్టిగా మూసుకుంది. ఏసమ్మ తలెత్తి, "ఏమైంది బిడ్డా?" అంది.

"ఏం లేదు పెద్దమ్మా, తల తిరిగినట్టయింది."

ఆరాధన జరిగినంతసేపూ నిర్మల పళ్లెం వైపు చూడలేదు. రొట్టె తనదాకా వచ్చినప్పుడు తీసుకుని, నాలుక మీద పెట్టుకోవడానికి భయపడి, కొంగులో దాచింది. అది అంతకన్నా పెద్ద తప్పని ఇంటికొచ్చాక తోచింది.

ఆమెకు నలభై మూడేళ్లు. వర్ధన్నపేటలో పుట్టి, హన్మకొండ చౌరస్తా దగ్గరి మెడికల్ షాపులో పద్నాలుగేళ్లుగా కౌంటరు చూస్తోంది. భర్త ఆనందరావుకు వరంగల్ శివనగర్‌లో మోటారు వైండింగ్ షాపు. ఆయన సంఘపెద్ద కూడా. కూతురు ప్రీతి డిగ్రీ రెండో సంవత్సరం. బయటి నుంచి చూసేవాళ్లకు ఆ ఇంట్లో ఏ లోటూ కనిపించదు, నిజానికి అప్పటిదాకా లేదు కూడా.

ఒక్క వారంలో ఆ ఒక్క మాట పదయింది. పాట పాడుతుంటే బూతు వచ్చేది. ప్రార్థనకు కళ్లు మూసుకుంటే చూడకూడని బొమ్మ కనిపించేది. వచ్చిన ప్రతిసారీ "క్షమించు ప్రభువా" అని ఏడుసార్లు అనుకునేది. మధ్యలో ఎవరైనా పిలిస్తే లెక్క తప్పేది, మళ్లీ ఒకటి నుంచి. మూడు నెలలకు, నోరు, చేతులు కడిగిందే కడుగుతూ, పొద్దున స్నానాల గదిలోంచి బయటపడటానికే నలభై నిమిషాలు పట్టేది. షాపులో జ్వరం గోలీ అడిగినవాళ్లకు, ఆగమన్నట్టు వేలు చూపించి, పెదవులు కదుపుతూ నిలబడేది. ఓనరు ఒకటి రెండుసార్లు ఊరుకున్నాడు, మూడోసారి అందరిముందే అరిచాడు.

చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నది ఒకటి ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది. అన్ని పాపాలకూ క్షమాపణ ఉంది, ఒక్క పాపానికి తప్ప. పరిశుద్ధాత్మను దూషిస్తే ఇంక దారి లేదు. తాను చేసింది అదేనా? తలలో అన్నా నోటితో అన్నట్టేనా? ఎవరిని అడగాలి? అడగాలంటే ముందు ఆ మాటలు చెప్పాలి.

ఆనందరావే ఒకరోజు అన్నం ముందు కూర్చుని అడిగాడు. "నిర్మలా, జర నిజం చెప్పు. పెదాలు కదుపుతానవ్, చేతులు కడుగుతానవ్. షాపు సేటు నాకు ఫోన్ చేసిండు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆమెకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదిహేను రోజులు షాపు మూసి జావ కాచి తాగించినవాడు. అందుకే ఆమె సగం చెప్పింది.

"దేవుని మీద చెడ్డ మాటలు వస్తానయ్ ప్రీతి డాడీ. నేను అనుకోవట్లే. అవే వస్తానయ్."

ఆనందరావు ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఎవలకు చెప్పకు. అయ్యగారి దగ్గరికి పోదాం" అన్నాడు.

పాస్టరు శామ్యూల్ ఆ సాయంత్రం రెండు గంటలు ఆమెతో కూర్చున్నాడు. విసుక్కోలేదు. తల మీద నూనె రాసి, కన్నీళ్లు పెట్టుకుని ప్రార్థించాడు. వెళ్లేముందు మాత్రం ఒక మాటన్నాడు: "ఇవి నీ మాటలు కాదమ్మా, శత్రువువి, సైతానువి. కానీ వాడు ఊరికే రాడు. నువ్వు ఎక్కడో తలుపు తీసినవ్. ఎక్కడ తీసినవో గుర్తు చేసుకో."

ఆ మాట పట్టుకుని నిర్మల తన నలభై మూడేళ్లూ వెతికింది. ఏడో తరగతిలో దొంగిలించిన పెన్ను, పెళ్లికి ముందు ఒక అబ్బాయి రాసిన ఉత్తరం, అత్త చనిపోయినప్పుడు ఏడుపు రాకపోవడం. దొరికిన ప్రతిదానికీ ఏడుసార్లు క్షమాపణ. ఏడు కాస్తా ఇరవై ఒకటయింది. ఎనిమిది కిలోలు తగ్గింది. రాత్రి పడుకునేముందు చున్నీ మూతికి కట్టుకునేది, నిద్రలో ఏమైనా అనేస్తానేమోనని.

మెడికల్ షాపులో పనిచేసేవాళ్లకు జనం రహస్యాలు తెలుస్తాయి. మానసిక వైద్యుల చిట్టీ తెచ్చేవాళ్లు కౌంటరు ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడతారు, గోలీలను పేపర్లో చుట్టివ్వమంటారు. ఇన్నేళ్లూ నిర్మల వాళ్లకు పేపర్లో చుట్టే ఇచ్చింది, ముఖం చూడకుండా. ఇప్పుడు ముఖాలు చూడటం మొదలుపెట్టింది. ఒక డాక్టరు చిట్టీ వెనక ఉచిత హెల్ప్‌లైన్ నంబరు అచ్చువేసి ఉంది. దాన్ని అరచేతిలో రాసుకుని, అన్నం గంటలో పైన స్టాకు గదికి పోయి ఫోన్ చేసింది.

అవతల ఒక అమ్మాయి. నిర్మల పేరు చెప్పలేదు. మాటలు కూడా చెప్పలేదు, "దేవుని మీద వస్తానయ్" అని మాత్రం అంది. ఆ అమ్మాయి తడుముకోలేదు.

"దీనికి పేరుందక్కా. చాలామందికి వస్తది. ఏది ఎక్కువ ప్రేమిస్తమో దాన్నే పట్టుకుంటది. పసిపిల్లల తల్లులకైతే పిల్లను కిందేస్తమేమో అని వస్తది. వేస్తరా? వెయ్యరు. భయపడి సస్తరు. మీకు దేవుడంటే ప్రాణం గదా."

నిర్మల సెలైన్ సీసాల డబ్బాల మీద కూర్చుని ఏడ్చింది. ఏడు నెలల్లో ఆమెను ఎవరూ దేవుడంటే ప్రాణమున్న మనిషి అనలేదు.

ఆ అమ్మాయి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమంది. నిర్మలకు ఆ బోర్డు కిందికి వెళ్లడానికి కాళ్లు రాలేదు. దారిలో ఇంకో బోర్డు కనిపించింది: కౌన్సెలింగ్ సెంటర్, మనశ్శక్తి నిపుణులు రాంప్రసాద్. కౌన్సెలింగ్ అనే మాట కాస్త మర్యాదగా అనిపించింది. రాంప్రసాద్ ఆమెను వాలుకుర్చీలో పడుకోబెట్టి వందనుంచి వెనక్కి లెక్కపెట్టించాడు. చేతికి రబ్బరు బ్యాండు వేసి, చెడు ఆలోచన వచ్చినప్పుడల్లా లాగి కొట్టుకోమన్నాడు. అయిదు సిట్టింగులకు మణికట్టు కమిలి నల్లబడింది, ఆలోచనలు రెట్టింపయ్యాయి. "మీరెక్కడ చదివిన్లు సార్?" అని అడిగితే గోడమీది ఫ్రేము చూపించాడు. పది రోజుల శిక్షణ అని దాంట్లోనే రాసి ఉంది.

ఆ తర్వాతే ఆమె మానసిక వైద్యుడు రాజేశ్వర్ రావు దగ్గరికి వెళ్లింది. ఆయన గదిముందు బెంచీల మీద నలభైమంది ఉన్నారు. ఆమె వంతుకు ఆరు నిమిషాలు దొరికాయి. కానీ ఆ ఆరు నిమిషాల్లో ఆయన అడిగిన నాలుగు ప్రశ్నలూ సూటిగా జబ్బు మీదే పడ్డాయి.

"ఓసీడీ అంటరు. గోలీ రాస్తాన, రెండు నెలలు ఓపిక పట్టాలె. గోలీ సగం పనే చేస్తది. మిగతా సగం థెరపీ. అది సరిగ్గ చేసేటోళ్లు నాకు తెలిసి ఈ ఊర్లె ఒక్కామెనే ఉంది. హైదరాబాద్ నుంచి బుధ, శనివారాలు వస్తది. పోండి."

ఆమె పేరు మానస. నయీంనగర్‌లో పళ్ల దవాఖాన పైన ఒక చిన్న గది. కింద పళ్లు తొలిచే మిషన్ చప్పుడు చేస్తూనే ఉండేది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నిర్మల ఆ అమ్మాయి ముందు కూర్చుని, ఇన్ని నెలలుగా ఎవరికీ చెప్పని మాటలను, తల దించుకుని, ఒక్కొక్కటే చెప్పింది. చెప్పి, పిడుగు పడుతుందేమోనన్నట్టు చెవులు మూసుకుంది. మానస నోట్స్ రాసుకుని, "ఇంకేమన్న ఉన్నయా?" అంది.

"ఇవి చాలవా మేడం?"

"నిర్మలగారూ, ఆలోచన రావడం మీ చేతుల్లో లేదు. వచ్చినాక మీరు చేస్తున్నది మాత్రం మీ చేతుల్లోనే ఉంది. ఏడుసార్లు, ఇరవై ఒక్కసార్లు క్షమాపణ, మళ్లీ కడగడం, మళ్లీ వెతకడం. కాసేపు నిమ్మళంగ ఉంటది గదా? ఆ నిమ్మళమే దానికి మేత. మనం మేత ఆపేస్తం."

"అంటే క్షమాపణ అడగొద్దా?"

"లెక్కపెట్టి అడగొద్దు. భయపడి అడగొద్దు."

"అది పాపం కాదా మేడం?"

మానస పెన్ను పక్కన పెట్టింది. "నేను మీ దేవుని తరఫున చెప్పలేను. నాకు జబ్బు తెలుసు. మీరు నాతో చెప్పినదాంట్లో నాకు కనబడ్డది జబ్బు."

మొదటి రోజే మానస ఇంకోటి అడిగింది, ఒకసారి భర్తను తీసుకురమ్మని. నిర్మల "తీసుకొస్త" అంది. రెండోవారం కూడా "తీసుకొస్త" అంది. ఆనందరావుకు నరాల డాక్టరు దగ్గరికి పోతున్నానని చెప్పింది. ఆయన పాస్టరుతో చెప్తాడని భయం. మానస కూడా గట్టిగా పట్టుబట్టలేదు.

వైద్యం ఆమె అనుకున్నట్టు ఓదార్పు మాటలు కాదు. ప్రీతి వాడి పారేసిన ఒక లాంగ్ నోటుబుక్కులో ఆ మాటల్నే రాయమంది మానస. రోజూ తారీకు వేసి, అదే వాక్యం పేజీ నిండా రాసి, పది నిమిషాలు పైకి చదవాలి. భయం వందకు ఎంత ఉందో పక్కన అంకె వేయాలి. తర్వాత క్షమాపణ అనుకోకూడదు. భయం దానంతటది దిగేదాకా అట్లాగే కూర్చోవాలి. మొదటి రోజు స్టాకు గదిలో తొంభై అయిదు వేసింది. చదువుతుంటే చెమటకు జాకెట్టు తడిసిపోయింది. కూర్చుంది. నలభై నిమిషాలకు అరవై అయింది. పదో రోజుకు మొదలే డెబ్బై. నెల తిరిగేసరికి ఆ వాక్యం చదువుతూ మధ్యలో ఆవలించి, ఆవలించినందుకు తనకే నవ్వొచ్చింది.

వైద్యం మొదలైన అయిదో నెల మొదటి ఆదివారం పక్కగదిలో రొట్టె కోస్తుంటే ఆ మాట మళ్లీ వచ్చింది. ఉమ్మెయ్యి. రానిచ్చింది. జవాబివ్వలేదు, తరిమేయలేదు. ముక్కలు కోస్తూనే ఉంది. ఏసమ్మతో సమానంగా పని ముగించింది. రొట్టె తనదాకా వచ్చినప్పుడు తీసుకుని తిన్నది. ఇంటికి పోయేటప్పుడు దారిలో మిర్చీలు కట్టించుకుని, అందరికీ పంచి, పిల్లలా మాట్లాడింది. ఆనందరావు కూడా నవ్వాడు.

ఇది జరిగిన పదిహేను రోజులకు ఆయన బండి ఇన్సూరెన్సు కాగితం కోసం బీరువా అంతా వెతికాడు. చీరల కింద నోటుబుక్కు దొరికింది.

నిర్మల షాపునుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పుస్తకం నేలమీద, తాకడానికి భయమైనట్టు దూరంగా పడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇది నీ చేతిరాతేనా?"

"అది మందు, ప్రీతి డాడీ. డాక్టరమ్మ రాయమంది."

"మందా? నూరు పేజీల మీదనే. ఒక్క పేజీ సదివిన, నాకు వాంతొచ్చింది. మనుషులు అనేటియా ఇవి? అంకెలేంది పక్కన?"

"భయం అంకెలు. సూడు, తొంభై అయిదు నుంచి ఇరవైకి వచ్చింది. నేను బాగైతాన."

"భయం పోతాందంటే బాగైనట్టా? దేవుని భయం పోతాంది నీకు. ఎవతె ఆమె? ఏ మతం?"

నిర్మలకు ఒక్కసారిగా అర్థమైంది, ఈ మనిషికి ఇది ఆరు నెలల ముందే చెప్పి ఉండాల్సిందని. చెప్పింది, అన్నీ చెప్పింది. గోలీలు చూపించింది, డాక్టరు చిట్టీ చూపించింది. ఆయన విన్నాడు. విని, పుస్తకాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి పాస్టరు ఇంటికి తీసుకుపోయాడు. కోపంతో కాదు. నిప్పంటుకున్న ఇంట్లోంచి భార్యను లాగుతున్నవాడిలా పోయాడు. ఆ సంగతి తెలుసు కాబట్టే ఆమెకు మరింత చేదుగా ఉంది.

శుక్రవారం సంఘపెద్దలు పాస్టరు గదిలో కూర్చున్నారు. అయిదుగురు మగవాళ్లు, స్త్రీల సమాజం తరఫున ఏసమ్మ. నిర్మలకు కుర్చీ వేశారు గానీ ఆమె నిలబడే ఉంది. పాస్టరు పుస్తకం తెరిచి, పైకి చదవలేక మూసి, పెద్దల చేతుల్లో పెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు చూశారు. ఒకాయన "స్తోత్రం, స్తోత్రం" అంటూ కళ్లు మూసుకున్నాడు.

"అయ్యగారూ, దీనికి పేరుంది," అంది నిర్మల. "డాక్టరుతోని మాట్లాడుండ్లి. ఫోన్ నంబరు ఇస్త."

"నేను వైద్యానికి వ్యతిరేకం కాదమ్మా. నాకూ షుగరు గోలీలున్నయ్. కానీ ఏ డాక్టరైనా దేవుని తిట్టమని రాయించుడు నేను వినలే. నువ్వు ఈ చేతులతోనే మాకు రొట్టె ఇచ్చినవ్ గదా, ఇన్ని నెలలు."

ఆనందరావు నేల చూస్తున్నాడు. నిర్మల ఆయన వైపే చూసింది, ఒక్క మాట అంటాడేమోనని. తగ్గింది అయ్యగారూ, ఇంట్లో నేను చూసిన, అని ఒక్క మాట. ఆయన అనలేదు.

పాస్టరు ఏసమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నీతోని కలిసి చేసిన బిడ్డ. నువ్వేమంటవ్?"

అరవై ఏడేళ్ల ఏసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బల్ల ముట్టనియ్యొద్దు," అంది. "సంఘానికి మంచిది కాదు."

బల్ల సేవ నుంచి తీసేశారు. దయ్యం వదిలి విడుదల వచ్చేదాకా రొట్టె కూడా వద్దన్నారు. మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. పన్నెండుమంది ఆడవాళ్లు నిర్మలను మధ్యలో కూర్చోబెట్టి, తల మీద, భుజాల మీద చేతులు వేసి, పోయేదాకా విడిచేది లేదన్నట్టు అరిచారు. కూతురు ప్రీతి తలుపు దగ్గర నిలబడి ఏడ్చింది. నిర్మల ఏడవలేదు.

బుధవారం మానస గదిలో కూర్చున్నప్పుడు ఆ సంగతంతా చెప్పి, చివర్లో అంది, "మేడం, పన్నెండుమంది నా చెవుల దయ్యం దయ్యం అని అరిసిన్లు. నేను ఒక్కసారి గూడ లెక్కపెట్టి క్షమాపణ అడగలే. భయం అంకె ఎంతో తెలుసా? నలభై."

మానస నవ్వలేదు. "ఆ పుస్తకం ఇంటికి ఇచ్చుడు నా తప్పు," అంది. "మీ ఇంటాయనతోని మాట్లాడకుండ ఇయ్యొద్దుండె. మీరు తెస్త తెస్త అన్నరు, నేను ఊరుకున్న. ఒక్కసారి రమ్మనండి, నేనే చెప్త."

ఆనందరావు రాలేదు. "ఆమె ముందల కూసుంటే నా మనసు గూడ తిప్పుతది," అన్నాడు.

ఇంకో రెండు నెలలు వైద్యం నడిచింది. జబ్బు ఎంతుందో కొలవడానికి మొదట్లో నింపిన ప్రశ్నల కాగితం మానస మళ్లీ నింపించింది. అప్పుడు ముప్పై ఒకటి వచ్చిన లెక్క ఇప్పుడు తొమ్మిదికి దిగింది. ఆలోచనలు ఇంకా వస్తాయి, దారిన పోయే బండి హారన్ లాగా వచ్చి పోతాయి. ఆ రోజే మానస, తనకు హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో ఉద్యోగం వచ్చిందని, ఇంక ఈ గదికి రానని, కావాలంటే వీడియో కాల్‌లో మాట్లాడొచ్చని చెప్పింది. నిర్మల ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కింద మిషన్ ఆగి, ఎవరో పుక్కిలించి ఉమ్మిన చప్పుడైంది.

నిర్మల ముఖం తేటపడటం, సన్నబడిన ఒళ్లు నిండటం సంఘంలో అందరూ చూశారు. ఒక సాయంత్రం పాస్టరు ఇంటికి వచ్చాడు. టీ తాగి, సంతోషంగా అన్నాడు, "దేవుడు కార్యం చేసిండమ్మా. ఈ ఆదివారం నువ్వు సాక్ష్యం చెప్పాలె. ఉపవాస ప్రార్థనల విడుదలైన అని. వచ్చే నెల నుంచి మళ్లీ బల్ల సేవ నీదే."

"డాక్టర్ల సంగతి గూడ చెప్తనయ్యగారూ."

పాస్టరు గ్లాసు కింద పెట్టాడు. "వైద్యులను గూడ దేవుడే వాడుకుంటడు, కాదంటలేను. కానీ సంఘంల అదంత ఎందుకు? జనం గందరగోళం పడ్తరు. ఆ పుస్తకం సంగతి లేస్తది మళ్ల."

"అట్లయితే నేను చెప్పను."

ఆనందరావు కల్పించుకున్నాడు. "రెండు మాటలే గదా నిర్మలా. అందరు మర్చిపోతరు. మనం మొదట్ల లెక్క ఉంటం."

"నేను రోజు ఆ గదిల కూసోని చెమటలు కక్కిన ప్రీతి డాడీ. వద్దన్నా మీరు నన్ను మూడు రోజులు ఉపాసముంచిన్లు. బాగు చేసింది ఏదో నాకు తెల్వదా?"

"రెండూ పనిచేసినయేమో."

"ఏమో అనే చెప్పు మరి. ఏమో అని చెప్తే నేను గూడ ఒప్పుకుంట."

ఆదివారం పాస్టరు సాక్ష్యాల సమయం అనగానే ఆనందరావే లేచాడు. మైకు పట్టుకుని, నా భార్య అపవాది సైతాను చేతిలో ఏడాది నలిగిందని, మూడు రోజుల ప్రార్థనలో సంపూర్ణ విడుదల పొందిందని చెప్పాడు. ఏమో అనే మాట ఎక్కడా లేదు. ఆయన అది నమ్మే చెప్పాడు, దాంట్లో నటన లేదు. జనం చప్పట్లు కొట్టారు. పక్కనున్న ఆడవాళ్లు నిర్మల చేతులు పట్టుకున్నారు. ఆమె చప్పట్లయ్యేదాకా కూర్చుని, లేచి, చెప్పులు వేసుకుని, శివనగర్ దాకా ఒక్కతే నడిచి వచ్చింది. దయ్యం పోయిన మనిషి ఎందుకు లేచిపోయిందో ఎవరికీ అర్థం కాలేదు. బల్ల సేవకు రమ్మని రెండుసార్లు కబురు చేశారు. వెళ్లలేదు. ఆ తర్వాత ఆ భార్యాభర్తలు మాట్లాడుకున్నది ప్రీతి ఫీజు గురించి, గ్యాసు గురించి.

పది రోజులకు, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, ఏసమ్మ షాపుకు వచ్చింది. ఆమె ఎప్పుడూ అక్కడికి రాదు. కౌంటరు ముందు నిలబడి, మోకాళ్ల నొప్పుల మందు అడిగింది. నిర్మల ఇచ్చింది. ఏసమ్మ కదల్లేదు.

"బిడ్డా, ఒక మాట. నిజంగ ఆ మూడొద్దుల ప్రార్థనతోనే పోయిందా నీకు?"

"ఎందుకు పెద్దమ్మా?"

ఏసమ్మ చుట్టూ చూసింది. "నాకు పోతలేదు. నా చిన్న కొడుకు పుట్టినప్పటి సంది. నలభై ఏండ్లయితాంది. అదే మాటలు. నీ పుస్తకంల సూసిన, నా తలకాయల ఉన్నయే రాసి ఉన్నయ్. నేను నలభై ఏండ్ల సంది ఉపాసముంటాన. శుక్రవారం శుక్రవారం. నీకు మూడొద్దులకే పోయింది. నాకెందుకు పోలే? నన్ను ఇడిసిపెట్టిండా దేవుడు?"

నిర్మలకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది.

"తెలిసే అన్నవా పెద్దమ్మా? బల్ల ముట్టనియ్యొద్దని, తెలిసే అన్నవా?"

"నిన్ను ముట్టనియ్యొచ్చు అంటే, ఎట్ల తెలుసు నీకు అని అడుగుతరు గదా." ఏసమ్మ కళ్లు తుడుచుకుంది. "నన్ను నేనే అనుకున్న ఆ మాట. నోట్లకెల్లి నీ మీదికొచ్చింది."

ఆ కోపం ఎటూ పోలేదు. అయినా నిర్మల బయటికి వచ్చి, ముసలామెకు స్టూలు వేసి కూర్చోబెట్టింది. ప్రార్థనతో పోలేదని, తన భర్త చెప్పింది నిజం కాదని, ఏమేం చేసిందో, ఎన్ని నెలలు పట్టిందో మొదటి నుంచి చెప్పింది. ఏసమ్మ నోరు తెరుచుకుని విన్నది.

"ఆ గోలీ నాకియ్యి."

"చిట్టీ లేకుంటే ఇయ్యరాదు. డాక్టరు సూడాలె."

"ఆ పిల్ల, మాటల వైద్యం పిల్ల?"

"హైదరాబాద్ పోయింది. ఫోన్ల మాట్లాడ్తది."

"మా ఇంట్ల ఒకటే అర్ర. కొడుకు, కోడలు, పిల్లలు. ఏం మాట్లాడుత ఫోన్ల?"

"మా స్టాకు గదిలకు రా. నా ఫోన్లనే మాట్లాడు. ముందుగాల డాక్టరు దగ్గరికి పోదాం. శనివారం పదింటికి చౌరస్తా బస్టాపుల ఉంట. నేనే తోల్కపోత."

"ఎవలన్న చూస్తే?"

"మోకాళ్ల నొప్పులకని చెప్పు."

ఏసమ్మ తల ఊపింది. లేచి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ఆనందరావుతోని అనకు బిడ్డా," అంది.

శనివారం నిర్మల సెలవు పెట్టి తొమ్మిదిన్నరకే బస్టాపుకు పోయింది. పది దాటింది. పదకొండుకు ఫోన్ చేస్తే కోడలు ఎత్తి, అత్తమ్మ స్త్రీల కూడికకు పోయిందని చెప్పింది. ఆ రోజు కూడిక లేదని నిర్మలకు తెలుసు. పదకొండున్నరకు ఏసమ్మే ఎవరిదో ఫోన్ నుంచి చేసింది. "నాకు మంచిగనే ఉంది బిడ్డా. ఫికర్ చెయ్యకు. ఇన్నేండ్లు గడిసినయ్, ఇంకెన్నేండ్లు బతుకుత. నువ్వు ఎవలకు చెప్పకు," అని, జవాబు వినకుండా పెట్టేసింది.

నిర్మలకు తన గోలీల చిట్టీ కూడా మార్పించుకోవలసి ఉంది. ఒక్కతే వెళ్లి బెంచీ మీద కూర్చుంది. వంతు వచ్చేసరికి ఒంటిగంట కావొచ్చింది. రాజేశ్వర్ రావు కాగితాలు చూసి, సగం గోలీకి తగ్గించి, "మంచిగున్నరు. ఇంకేమన్న అడగాలా?" అన్నాడు.

"ఒకామెను తీసుకొస్తనని చెప్పిన సార్. అరవై ఏడేండ్లు. నలభై ఏండ్ల సంది ఉందట. రాలే."

"వచ్చే శనివారం తీసుకరండి."

"వస్తదో రాదో సార్."

డాక్టరు ఒక క్షణం ఆమె ముఖం చూశాడు. బయట ఇంకా ఇరవైమంది ఉన్నారు. బెల్లు నొక్కి, తర్వాతి పేరు పిలిపించాడు.